మెట్ల మీది మనిషి

పోయిన నెల తిరుపతిలో ఒక దూరపు చుట్టాల పెండ్లికి పోయాను. మండపంలో వేదిక వెనక గోడంతా కప్పేసి, పెండ్లికొడుకు పెండ్లికూతురు చెంపకు చెంప ఆనించి నవ్వుతున్న ఫ్లెక్సు ఒకటి కట్టారు. పక్కన నిలబెట్టిన పెద్ద ఫ్యాను గాలికి దాని కింది అంచు ఊడి, లేస్తూ పడుతూ ఉంది. లేచినప్పుడల్లా వెనక గోడ మీద ఎర్రటి తివాచీ, తివాచీ మీద బంగారు అంచు పంచె, పంచె కింద ఒక రాజుగారి పాదం కనిపించి మాయమవుతోంది. ఆ పాదం వేసింది నేను. రాజులో మిగతాదంతా మా బావ వేశాడు. మొత్తం గోడలో నేను వేసినవి పాదాలు, తివాచీ, ఆకాశం, ఇంకొకటి. ఆ ఇంకొకటి కోసమే ఇది రాస్తున్నాను.

ఈ మండపంలోకి నేను ముప్పై నాలుగేళ్లలో మూడుసార్లకు మించి రాలేదు. శుభలేఖ మీద దీని పేరు కనిపిస్తే నాకు మోకాళ్ల నొప్పులు మొదలవుతాయని మా ఇంట్లో ఒక ఎగతాళి ఉంది. ఈసారి అక్క ఫోన్ చేసి, "నేను బతికుండంగా ఇదే ఆఖరి పెండ్లి అనుకో, రాకుంటే నీతో మాట్లాడను పో" అంది. అక్కకు డెబ్బై ఆరేళ్లు. ఆమెకు ఇది నాలుగో ఆఖరి పెండ్లి. అయినా వచ్చాను. వచ్చి, రెండో వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తాళి కట్టేటప్పుడు కూడా ఆ పాదం వైపే చూశాను.

మా బావ, అంటే అక్క భర్త, బోర్డులు రాసేవాడు. ఒకప్పుడు తిరుపతిలో బస్సు దిగినవాడికి ఎటు చూసినా ఆయన చేతిరాతే కనిపించేది. రూములు కలవు, వేడినీళ్లు కలవు, చెప్పులు బయట విడువవలెను. గీత కోసం స్కేలు ఎప్పుడూ పట్టలేదు. నూలుదారాన్ని ముగ్గుపిండిలో అద్ది, రెండు కొసలా లాగి పట్టి, మధ్యలో టప్పున వదిలేవాడు. గోడ మీద పడిన ఆ తెల్లటి గీత ఏ స్కేలుకూ తీసిపోయేది కాదు. ఆకు వక్క ఎప్పుడూ దవడలో ఉండేది. పండ్లు ఎర్రమట్టి రంగు. ఆయన ఏ బడిలోనూ బొమ్మలు నేర్చుకోలేదు. నాకు డ్రాయింగులో డిప్లొమా ఉంది. నలుగురిలో నన్ను "మాస్టరూ" అని పిలిచేవాడు, అందులో గౌరవం ఎంతో వెక్కిరింత ఎంతో నేను ఎప్పటికీ తేల్చుకోలేకపోయాను. ఆయన నాకు నేర్పిన సూత్రం ఒక్కటే గుర్తుంది. "తెలుపు ఎప్పుడూ డబ్బాలోనుంచి నేరుగా ఎయ్యొద్దు మాస్టరూ. గుడి గోడకి సున్నం కొట్టేటప్పుడు తప్ప. లోకంలో యాడా అంత తెలుపు లేదు."

ఆ మండపం కట్టినాయన్ని అందరూ ముదలాళి అనేవాళ్లు. అరవదేశం పక్కనే కదా, యజమానికి మా వైపు అదే మాట. అప్పటికే ఆయనకు రెండు లాడ్జీలు ఉండేవి. పెండ్లి మండపంలో వేదిక వెనక రాయలవారి దర్బారు ఉండాలని, చూసినవాళ్లకు ఆ స్వర్ణయుగంలోనే తాళి కడుతున్నట్టు ఉండాలని ఆయన కోరిక. బావ అప్పటిదాకా అంత పెద్ద గోడ ముట్టలేదు. విడిగా మనుషుల్ని వేసేవాడే కానీ, నలభై మందిని ఒకచోట ఎట్లా నిలబెట్టాలో ఆయనకు తెలియదు. వారం రోజులు ఖాళీ గోడ ముందు బీడీ కాలుస్తూ కూర్చున్నాడు.

ఆ చిక్కు విప్పింది మాత్రం నేనే. నేను అప్పుడు బస్సు దిగి మూడు మైళ్లు నడిస్తే వచ్చే ఒక పల్లెటూరి బడిలో పని చేస్తున్నాను. ఆ రోజుల్లో పిల్లలు పుస్తకాలకు అట్టలు వేసుకోవడానికి పాత పేపర్ల అంగడిలో విదేశీ పత్రికలు కొనేవాళ్లు. కాగితం దళసరిగా, నున్నగా ఉండేది. అట్లా ఒక పిల్లవాడి లెక్కల నోటుపుస్తకం అట్ట మీద నేను ఆ బొమ్మ చూశాను. మధ్యలో మెట్లమీద సింహాసనం, దాని మీద రాజు, ఆయన ముందు మోకరిల్లి ప్రమాణం చేస్తున్న ఒక సామంతుడు, చుట్టూ కిక్కిరిసిన జనం, జెండాలు, జరీ. పోలెండు దేశం వాళ్ల బొమ్మ. వంద సంవత్సరాల కింద వేసిందట. పిల్లవాడికి కొత్త అట్ట వేసిచ్చి, దాన్ని విప్పి తెచ్చాను. మడతలు రాజు గడ్డం మీదుగా పోయాయి. కింద మూలలో "ఆరో తరగతి, బి సెక్షన్" అని లేబులు అతికించి ఉంది, ఊడదీస్తే బొమ్మ చినుగుతుందని వదిలేశాం.

బావ దాన్ని గోడకు ఆనించి, దూరంగా పోయి, దగ్గరికి వచ్చి, మళ్లీ దూరంగా పోయాడు. బొమ్మ కింద ఇంగ్లీషులో నాలుగు వరసలు ఉన్నాయి. "ఏం రాసుండాది మాస్టరూ?" అని అడిగాడు. నేను రెండు వరసలు చదివి, వాళ్ల మంచి కాలంలో ఒక రాజు దగ్గరికి సామంతుడు వచ్చి లొంగిపోయినాడంట అని చెప్పాను. "మిగతాది?" అన్నాడు. మిగతా రెండు వరసల్లో కఠినమైన మాటలు ఉన్నాయి. నాకు అర్థం కాలేదని చెప్పడానికి నామోషీ. "అంతే బావా, ఏం లేదు" అన్నాను. ఆయన తల ఊపి, చదవడం వచ్చినవాడి మాట నమ్మి, పని మొదలుపెట్టాడు.

తర్వాతి మూడు నెలలు ఆ గోడ దగ్గర గడిచినంత సంతోషంగా నాకు ఎక్కడా గడవలేదు. శని ఆదివారాలు పోయి కూర్చునేవాణ్ణి. దర్బారుకు ముఖాలు కావాలి. కొండ మీద మొక్కు తీర్చుకుని కిందికి దిగి, బస్సు టైము కోసం లాడ్జి అరుగు మీద కూర్చున్న యాత్రికుల్ని బావ బతిమాలి తెచ్చేవాడు. ఊరికే ఉన్నారు, కదలకుండా కూర్చుంటారు, కాఫీ ఇస్తే చాలు. చిక్కల్లా అందరికీ గుండ్లు. రాయలవారి సభలో సామంతులు, సేనాపతులు, దండనాయకులు అందరూ గంధం పూసిన గుండ్లతో తయారయ్యారు. "ఇది దర్బారా, కల్యాణకట్టా?" అని నేను నవ్వితే, బావ ఒక రోజంతా ఆలోచించి, అందరికీ ఆ కాలపు పొడుగాటి కుళ్లాయిలు తొడిగాడు. మోకరిల్లిన సామంతుడికి మండపం వంటమేస్త్రీ కూర్చున్నాడు. "మోకాళ్ల మీద వంగినోన్ని నేనని మా ఊర్లో తెలిస్తే పరువు పోతాదప్పా" అంటే ఆయనకు లేని మీసం పెట్టి కాపాడాడు. ముదలాళి వచ్చి, చనిపోయిన వాళ్ల నాయన సభలో ఉండాలన్నాడు. బావ వేశాడు. "అద్దాలు యాడ? అద్దాలు లేకుంటే మా నాయన్ని ఎవురు గుర్తుపడతారు?" అన్నాడు ముదలాళి. అందుకని ఇప్పటికీ రాజుగారి వెనక, నల్ల ఫ్రేము కళ్లజోడు పెట్టుకున్న మంత్రి ఒకాయన ఉన్నాడు. లేబులు అంటించిన మూలలో ఏముందో తెలియదు కనుక అక్కడ మాత్రం బావ సొంతంగా మల్లెపూల గంప పెట్టుకున్న ఆడమనిషిని కూర్చోబెట్టాడు. ఆమె మా అక్క.

ఇక ఆ పోలెండు బొమ్మలో, సింహాసనం కింద మెట్ల మీద, ఎర్ర బట్టలు వేసుకున్న విదూషకుడు ఒకడు కూర్చుని ఉంటాడు. అందరూ పండగలో ఉంటే వాడొక్కడే ఎటో చూస్తూ, నుదురు ముడివేసుకుని, ఏదో భారం మోస్తున్నవాడిలా ఉంటాడు. బావ వాడి దగ్గరికి వచ్చేసరికి యాత్రికుల్ని పిలవడం మానేశాడు. నిచ్చెనకు గడ్డం గీసుకునే అద్దం వేలాడదీసి, తొమ్మిది రోజులు తన మొహమే చూసుకుంటూ వేశాడు. నోరు మూసుకుని ఉంది, దవడలో కొంచెం ఉబ్బు, ఆకు వక్క ఉన్నట్టే. కళ్లలో మాత్రం నేను ఆయన్ని బయట ఎప్పుడూ చూడని అలసట.

ముదలాళి అది చూసి మొహం చిట్లించాడు. "నీ మొగమే పెట్టుకున్నావు సరే పెయింటరప్పా, నగతా పెట్టుకోరాదా? విదూషకుడంటే నగించేవాడు గదా?"

"ఊరందరినీ నగించేవాడు ఇంటికాడ నగతాడా ముదలాళీ?"

"ఇది ఇల్లు కాదబ్బా, పెండ్లి మండపం!"

"అందుకే. అందురూ నగితే సూసేవాడికి నమ్మకం రాదు. ఇంత మంచి కాలంలో ఒకడికన్నా ఇది ఎన్నాళ్లుంటాదో అని అనిపించల్ల గదా" అన్నాడు బావ. కళ్లజోడుకు ఒప్పుకున్న బావ దీనికి ఒప్పుకోలేదు. ముదలాళి అప్పటికి ఊరుకున్నాడు.

ప్రారంభోత్సవానికి మూడు వారాలు ఉందనగా బావ నిచ్చెన మీద నుంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాను. ఆకు పసరు, కోడిగుడ్డు, వెదురు బద్దలు, గుడ్డ. తిరిగి వచ్చేటప్పుడు బస్సు వడమాలపేటలో ఆగింది. బావ కట్టు వైపు చూసుకుంటూ, "మాస్టరూ, తివాచీ ఎయ్యి, కాళ్లు ఎయ్యి, పైన ఆకాశం నీ ఇష్టం. ఆ మెట్ల మీదోన్ని మాత్రం ముట్టుకోవాకు" అన్నాడు. "అట్నే బావా" అన్నాను. అప్పుడు నిజంగానే అన్నాను.

నాలుగు రోజుల తర్వాత ముదలాళి నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "మాస్టరప్పా, నువ్వు సదువుకున్నోడివి. తాళి కడతా ఉంటే ఈ ఏడుపుమొగం ఎదురుగా ఉండొచ్చునా? నువ్వే సెప్పు. ఆ, ఈడ మన కమిటీ బడిలో డ్రాయింగు మాస్టరు ఖాళీ ఉండాది గదా, కమిటీలో నీ పేరు అనినాను." రెండు మాటల మధ్య ఆయన ఊపిరి కూడా తీసుకోలేదు. తిరుపతిలో ఉద్యోగం. మూడు మైళ్ల నడక ఉండదు. పిల్లల చదువులు. ఇవన్నీ నేను చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్న కారణాలు. అవి నిజమే, కానీ సగమే. ఆ మొహం ముందు నేను బడికి సెలవు పెట్టి నాలుగు రోజులుగా రాజుగారి కాలివేళ్లు వేస్తున్నాను. డిప్లొమా ఉన్న నేను ఈ జన్మలో అట్లాంటి మొహం ఒక్కటి వేయలేనని ప్రతిరోజూ తెలుస్తూ ఉంది. మిగతా సగం అది.

మధ్యాహ్నం భోజనాల వేళ, మండపంలో ఎవరూ లేనప్పుడు చేశాను. పెదవుల కొసలు పైకి లాగాను. కళ్ల కింద రెండు ముడతలు. నుదుటి మీది గీతలు చెరిపేశాను. నోరు తెరిచి పండ్లు పెట్టాను. తొందరలో తెలుపులో ఏమీ కలపలేదు, డబ్బాలో కుంచె ముంచి అట్లాగే పెట్టాను. తొమ్మిది రోజుల మొహానికి పది నిమిషాలు పట్టింది.

ప్రారంభం నాడు బావ మెడకు వేసిన గుడ్డలో చెయ్యి వేలాడదీసుకుని, ఉతికిన చొక్కాతో వచ్చాడు. జనం మెచ్చుకుంటున్నారు. ఆయన గోడ ఈ చివర నుంచి మొదలుపెట్టి, కుళ్లాయిలన్నీ దాటి, మెట్ల దగ్గరికి వచ్చి ఆగాడు. నేను స్తంభం పక్కన ఉన్నాను. చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "బాగుండాది మాస్టరూ. పండ్లు బాగా తెల్లంగా వచ్చినాయి" అన్నాడు. పోయి పంక్తిలో కూర్చుని, ఎడమ చేత్తో ఇబ్బంది పడుతూ తిన్నాడు. పాయసం రెండోసారి వేయించుకున్నాడు. ఆ రెండోసారి పాయసం సంగతి నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ తర్వాత ఆయన మనిషి మొహం మళ్లీ వేయలేదు. ఎవరైనా అడిగితే "మణికట్టు పట్టు తప్పిందప్పా" అనేవాడు. ఎముక బాగా అతుక్కుంది. ఆ చేత్తోనే గ్యాసు సిలిండరు భుజానికెత్తి మేడ ఎక్కేవాడు. ఆ చేత్తోనే వెంట్రుక మందం అక్షరాలు రాసేవాడు, ఫ్లెక్సులు వచ్చి ఆ అక్షరాలు కూడా అవసరం లేకుండా పోయేదాకా. అందరి ముందూ నేను కూడా "అవును, పాపం, మణికట్టు" అనేవాణ్ణి. ఆయన ఆ అబద్ధం నా పరువు కోసం చెప్పాడు. నేను దాన్ని సొంత ఆస్తిలాగా వాడుకున్నాను. ఉద్యోగం వచ్చింది, రిటైరయ్యాను. తొమ్మిదేళ్ల కింద ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు మూడు రోజులు మంచం పక్కన కూర్చున్నాను. ఎండల గురించి, బస్సుల గురించి, మనవరాలి చదువు గురించి మాట్లాడుకున్నాం. రేపు చెబుదాం అనుకున్నాను. నాలుగో రోజు చెప్పడానికి ఆయన లేడు.

ఆ మనవరాలే ఇప్పుడు కాలేజీలో పెయింటింగు చదువుతోంది. పెండ్లిలో తలంబ్రాలు అయిపోయి జనం భోజనాలకు లేస్తుంటే నా పక్క కుర్చీలో వచ్చి కూర్చుంది. "మాస్టరు తాతా, ఇది సూడండి. అవ్వ పెట్టెలో ఆరో తరగతి లేబులు ఉండే కాగితం దొరికింది. ఫోటో తీసి ఫోన్లో ఎతికితే అసలు బొమ్మ వచ్చింది" అని ఫోను నా చేతిలో పెట్టింది. మడతలు లేకుండా ఆ రాజును చూడడం నాకు అదే మొదటిసారి. గడ్డం చాలా బాగుంది.

"ఇది ఏసే కాలానికి ఆ దేశమే లేదంట తాతా. పక్క రాజ్యాల వాళ్లు ముగ్గురు పంచేసుకున్నారంట. మ్యాపులో పేరు గూడా లేదంట. అట్టాంటప్పుడు కూర్చొని వాళ్ల మంచి కాలాన్ని ఏసినాడు." ఆమె వేళ్లతో బొమ్మను పెద్దది చేసి మెట్ల దగ్గరికి తెచ్చింది. "ఈయన్ని సూడండి. ఈ మొగం ఆ పెయింటరుదేనంట. తన మొగమే పెట్టుకున్నాడంట."

నేను చదవకుండా వదిలేసిన ఆ రెండు వరసల్లో ఇదే ఉందో లేదో నాకు తెలియదు. అడుగున ఉన్న ఆ వరసలు అట్ట మడతలో ఎప్పుడో అరిగిపోయాయట. ఉన్నా లేకున్నా, ఇంగ్లీషు ముక్క రాని మా బావ, లెక్కల పుస్తకం అట్ట చూసి, వంద సంవత్సరాల కిందటి మనిషి ఏం చేశాడో ఎవరూ చెప్పకుండానే అదే చేశాడు. అద్దం వేలాడదీసుకున్న ఆ తొమ్మిది రోజులు నాకు ఆ క్షణంలో మళ్లీ కనిపించాయి.

ఆ పిల్ల లేచి, నన్నూ రమ్మని వేదిక ఎక్కి, ఫ్లెక్సు అంచు పట్టుకుని పక్కకు లాగింది. ఫోను టార్చి వేసి చూసింది. కుళ్లాయిలు చూసి మురిసిపోయింది. కళ్లజోడు మంత్రిని చూసి పగలబడి నవ్వింది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. "అంతా పట్టుకున్నాడు మా తాత. ఈడ చెడగొట్టేసినాడు. ప్చ్. ముదలాళి అడిగినాడని ఒప్పేసుకున్నాడేమో."

నేను "మణికట్టు" అనబోయాను. నోటి దాకా వచ్చింది కూడా. ముప్పై నాలుగేళ్ల అలవాటు. కానీ ఆ మాట అంటే ఆ తెల్లపండ్ల నవ్వు ఆయన వేసిందే అవుతుంది, ఆ పిల్ల జీవితాంతం తన తాతను ఒప్పేసుకున్నవాడిగా గుర్తుంచుకుంటుంది. ఒక్క మొహం దగ్గరే ఆయన ఒప్పుకోలేదు.

"అది మీ తాత చెయ్యలేదమ్మా. నేను చేశాను. వద్దన్నాడు, అయినా చేశాను. ఆ తర్వాతే ఆయన మొహాలు మానేసింది."

"మీరా?" అంది. ఫ్లెక్సు ఆమె చేతిలోంచి జారింది. కొంచెంసేపు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "అవ్వకి తెలుసా?"

"తెలియదు."

అక్క మొదటి వరసలో ఆకులకు సున్నం రాస్తూ కూర్చుని ఉంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, పుత్తూరు బస్సు దగ్గర మొదలుపెట్టి, భోజనాల వేళ దాకా వచ్చి ఆగాను. అక్క ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది.

"తెల్సులేరా" అంది.

"బావ చెప్పినాడా?"

"ఆయప్ప చెప్తాడా? ఎవురూ చెప్పలా. తెర తీసిన పొద్దే సూసినా. అంత తెల్లటి పండ్లు మీ బావకి యాడివి? కాపరం జేసినదాన్ని, మొగుని పండ్లు నాకు తెలీవా?" నవ్వింది. ఆమె పండ్లు కూడా ఎర్రమట్టి రంగే.

"మరి ఇన్నేండ్లూ ఒక మాట అడగలేదే?"

"నువ్వే చెప్తావని సూస్తా ఉండినా. ఆయప్ప గూడా సూసినాడు. పోయే ముందు మూడు పొద్దులు నీ మొగమే సూస్తా పడుకోలా?" అని, నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఇప్పుడన్నా చెప్పినావు గదా. లెయ్యి, రెండో పంక్తికి పిలస్తా ఉండారు" అంది.

లేచాను. ఫ్యాను గాలికి ఫ్లెక్సు అంచు మళ్లీ లేచింది, పడింది. దాని వెనక సామంతుడు ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు, అక్క పక్కన మల్లెపూలు ఇంకా వాడలేదు. గోడ మీది వాళ్లకు ఒక్క పూట కూడా గడవలేదు, ఒక్క మాట చెప్పడానికి నాకు మాత్రం ముప్పై నాలుగేళ్లు గడిచిపోయాయి.